ఎద్దులను గోడ అడగదు

ఆశ్లేష కార్తె, చివరి రోజు

ఈ రోజు వకుళ చనిపోయింది.

పొద్దున్నే లేచింది. ఎండ తగలకుండా ఊరంతటి మీదా పరిచే పందిరి గుడ్డ ఇంకా పూర్తిగా లాగలేదు. ఎండ మా గోడ సగం దాకా వచ్చి ఉంది. జుట్టు ముడి వేసుకోవడానికి చేతులెత్తి, మధ్యలో దించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తింది. సాయం చేయబోతే వద్దంది. ఊరందరి వంటశాలకు నడిచే వెళదామంది. రెండిళ్లు దాటాక ఎవరిదో అరుగు మీద కూలబడింది.

దారిన పోతున్న ఒకావిడ ఆగి, "ఏం వకుళా, పొద్దున్నే మన్ను బొక్కినావా?" అని అడిగింది.

"లేదక్కా. ఇంకా మీ ఇంటి దాకా రాలేదు" అంది వకుళ.

ఆవిడ మూతి తిప్పుకుని వెళ్లింది. వకుళ నవ్వింది. నవ్వుతూనే నా భుజానికి ఒరిగింది. ఆ తరువాత మాట్లాడలేదు.

నా భార్యను ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. బరువు లేదు. డాక్టర్ సలీమా కంటి రెప్ప కిందికి లాగి చూసింది. రక్తం చూసే పట్టీలు ఎప్పుడో అయిపోయాయి. బయటి బండ్లు రావడం మానేశాక ఆమెకు మిగిలిన పరీక్ష అదొక్కటే. రెప్ప లోపల ఎరుపు లేదు. తెల్లకాగితం మడతలా ఉంది.

"గుండె ఆగిపోయింది సార్."

"ఎందుకు?"

"రక్తంలో సత్తువ లేదు. పలచని నీళ్లు తోడి తోడి అలిసిపోయింది."

మధ్యాహ్నం ఆమెను మడిలో పెట్టారు. ఇక్కడ కాల్చడానికి కట్టెలు లేవు, పూడ్చి వదిలేయడానికి నేల లేదు. పోయిన మనిషికి ఒక మడి ఇస్తారు. దాని మీద ఏం విత్తాలో ఇంటివాళ్లు చెప్పాలి. అడిగే బాధ్యత పందిరి కింది ఊరికి పెద్దగా ఉన్నవారిది. మా పెద్ద కుళ్ళాయమ్మ. నాకు వియ్యపురాలు కూడా.

"అన్నా, ఏం వేస్తావు?"

"చెబుతాను."

"తొందరగా చెప్పు. తడి ఆరిపోతాది."

కడుపుతో ఉన్నవాళ్లు మడి దగ్గరికి రాకూడదు. మా అమ్మాయి మేదిని గట్టు అవతల నిలబడింది. అల్లుడు ఓబులేసు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మేదిని ఏడవలేదు. కొత్తగా తవ్విన మన్ను వైపే చూస్తూ ఉంది. దుఃఖం అనుకున్నాను.

సాయంత్రం తిన్నాను. వంటశాల వాకిట్లో ఉన్న మాట్లాడే గోడ అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది: "నిన్నటి తిండి ఒంటికి ఎలా ఉంది?"

అక్కడే నిలబడ్డాను. వెనకవాళ్లు తోశారు.

మఖ కార్తె, మొదటి వారం

పనికి వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు, మానమనలేదు.

నా పని పొలం గుడిసెలో ఉంటుంది. గోడ విన్నదంతా పొత్తుకు, అంటే ఊరి తిండి లెక్కలు చూసే యంత్రానికి, చేరుతుంది. ఎవరి ఒంటికి ఏది పడింది, ఏది పడలేదు అన్నది చూసుకుని, ఏ మడిలో ఏం వేయాలో పొత్తు నాకు చెబుతుంది. నేను వేయిస్తాను. పొలానికీ పళ్లానికీ మధ్య ఇంకెవరూ ఉండకూడదని, ఊరి ఆరోగ్యం పంటలోనే మొదలు కావాలని, పందిరి కట్టిన రోజుల్లో పెట్టుకున్న ఏర్పాటు ఇది. వ్యవసాయ కళాశాలలో చదువుకున్నవాణ్ని కాబట్టి నన్ను గుడిసెలో కూర్చోబెట్టారు. అప్పట్లో ఇది మంచి ఆలోచన అనుకున్నాను. ఆలోచన ఇప్పటికీ మంచిదే.

ఈ పంటకు పొత్తు చెప్పినవి: వరి, జొన్న, సొర, బీర, దోస, బూడిదగుమ్మడి, గోంగూర. పోయిన పంటకూ ఇవే. గోంగూర మడులు మాత్రం తగ్గించమంది.

తిరిగి వస్తూ వకుళ మడి వైపు వెళ్లాను. మేదిని అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పెదవి మీద మన్ను.

"ఎన్నాళ్లుగా?"

"తిట్టొద్దు నాయనా. వాసనకు నోట్లో నీళ్లూరుతాయి. కొత్త వాన పడినట్టుంటాది."

"అత్తకు తెలుసా?"

"తెలిస్తే ఊరుకుంటాదా? మన్ను తినేవాళ్ల ఇంటినుంచి పిల్లను తెచ్చుకుంటిమి అని ఇప్పటికే అంటాండాది."

దగ్గరికి వెళ్లి ఆమె కంటి రెప్ప కిందికి లాగాను. నా చేతిని తోసేసింది. అప్పటికే చూశాను.

సలీమాను అడిగాను. ఆమె నాకు మర్యాద కోసం అబద్ధం చెప్పలేదు.

"కాన్పులో అందరికీ కొంత రక్తం పోతుంది సార్. ఈ పిల్ల దగ్గర అంత పోగొట్టుకునే రక్తం లేదు."

"ఏం చేయాలి?"

"తిండి మారాలి. నేను చెబితే పొత్తు వినదు. మీరు చెబితే వింటుందేమో, మీరు పొలంవాళ్లు కదా."

మఖ కార్తె, ఎండ ఎక్కువైన రోజు

పందిరి తాడు తెగింది. పడమటి గుడ్డ జారి బీర మళ్లు మాడాయి. తాడు లాగడానికి మారెక్క ఎద్దుల్ని తోలుకొచ్చింది. ఎద్దుల పాక పందిరి బయట ఉంటుంది. మారెక్క అక్కడే ఉంటుంది. ఆమె నోటికి భయపడి ఊళ్లో ఎవరూ ఆమెను లోపలికి రమ్మనరు.

చాలా రోజుల తరువాత ఆ ఎద్దుల్ని వెలుతురులో చూశాను. ఒళ్లు నూనె రాసినట్టు మెరుస్తోంది. వాటి పక్కన నిలబడి తాడు పట్టుకున్న ఆడవాళ్ల ముఖాలు పిండి పూసినట్టున్నాయి.

"ఏం పెడతావు వీటికి?"

"పాయసం" అంది మారెక్క. "ఏం పెడతారప్పా ఎద్దులకు? ఉలవలు. గుట్ట వెనకాల వాన నీళ్లకే కాస్తాండాయి."

"పొత్తు ఉలవలు తీసేసి ఎన్నో ఏళ్లయింది."

"మనుషులకు తీసేసింది. ఎద్దులను గోడ అడగదు కదా, ఏం బసవన్నా, నిన్నటి దాణా ఒంటికి ఎట్లుందీ అని."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వవలసింది. నవ్వలేదని ఒకడు, "పెండ్లాం పోయినా ఈయప్ప ముఖం ముందు మాదిరే ఉండాది" అన్నాడు నాకు వినపడేటట్టు.

గుడిసెకు వచ్చి పొత్తును అడిగాను, ఉలవలు ఎందుకు తీసేశావని.

"ఉలవ: జ్వరం తెచ్చిన పంట. మళ్లీ వేయరాదు."

సజ్జ? జ్వరం తెచ్చిన పంట. నువ్వులు? అదే. ములగాకు? అదే. బెల్లం కోసం వేసే చెరకు? అదే.

ఆ మాటకు ఇక్కడ తిరుగు లేదు. కారణం మేం బూజు ఏడు అని పిలిచే సంవత్సరం. ఆ ఏడు శనక్కాయలకు బూజు పట్టింది. జ్వరం వస్తోందని జనం గోడకు చెప్పారు. పొత్తు ఆ పంట ఆపమంది. పెద్దలు కూర్చుని, మాట్లాడి, తిండి వృథా అవుతుందని ఆపలేదు. మనుషులు పోయారు. కుళ్ళాయమ్మ పెద్దకూతురు కూడా పోయింది. ఆ తరువాత ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: జ్వరం తెచ్చిందని పొత్తు అన్న పంటను ఏ పెద్దా తిరిగి వేయించకూడదు. దానికి నేనూ చెయ్యెత్తాను.

కానీ ఉలవలు తీసేసిన ఏడు నాకు గుర్తుంది. ఎవరికీ జ్వరం రాలేదు.

మఖ కార్తె, మూడు రోజుల తరువాత

వంటశాలలో ఈ పూట గోంగూర. తిన్నాక వరుసలో నిలబడ్డాను. నా ముందు బండలు కొట్టే పెద్దాయన. నిన్న కూడా గోంగూరే.

"నిన్నటి తిండి ఒంటికి ఎలా ఉంది?"

"యాడ బాగుంటాది తల్లీ! గోంగూర వేడి చేసింది. పొద్దన్నుంచీ ఒంటికి పోతే మంట."

"నమోదైంది" అంది గోడ.

ఆయన పంచె సర్దుకుని వెళ్లాడు. నేను ఆయన వెనకాలే చూస్తూ నిలబడ్డాను. తరువాత పొలం గుడిసెకు పరుగెత్తినట్టే నడిచాను.

పొత్తు మాటలు కనబడే పలక మీద కొత్త వరుస వచ్చి ఉంది. "గోంగూర: జ్వరం."

కూర్చున్నాను. పొత్తుకు మాటలు నేర్పినవాళ్లు ఈ ప్రాంతంవాళ్లు కారు. ఒళ్లు వేడిగా ఉందంటే జ్వరం అని నేర్పి ఉంటారు. అందులో తప్పు లేదు. తిన్నది వేడి చేయడం, చలువ చేయడం వేరే సంగతి అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మాకూ చెప్పాలని తోచలేదు. అది విడమరిచి చెప్పవలసిన మాట అని మాలో ఎవరు అనుకుంటారు? తల్లి పాలతో పాటు వచ్చిన మాట అది.

నోరు పూసిందని, కళ్లు మండాయని, సెగగడ్డ లేచిందని జనం గోడకు చెప్పుకున్నారు. వేడి చేసింది, వేడి చేసింది అని. పొత్తు ఒక్కొక్క పంటనే తీసేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు పొలంలో ఏముంది? సొర, బీర, దోస, బూడిదగుమ్మడి. మా అవ్వ చలువ చేస్తాయని చెప్పినవన్నీ ఉన్నాయి. ఒంటికి రక్తం పట్టించేవాటిలో మిగిలింది గోంగూర ఒక్కటే, అదీ పోబోతోంది.

ఇది ఊహే. రేపు రుజువు చూడాలి.

మఖ కార్తె, మరుసటి రోజు

గోడ ముందు గట్టిగా చెప్పాను: "సొరకాయ వేడి చేసింది."

వరుసంతా నా వైపు తిరిగింది. తరువాత అందరూ ఒకేసారి.

"ఏందీ, సొరకాయా?"

"మజాకా, సొరకాయ వేడి చేసిందంటే? మంచుగడ్డ చెయ్యి కాల్చిందనప్పా ఈసారి!"

"పాపం, మనిషికి తల తిరిగినట్టుండాది. దారి ఇయ్యండి, పోనీండి."

నేను గుడిసెకు వెళ్లాను. "సొర: జ్వరం. ఒకరు."

సంతోషం కలగలేదు. వకుళ రెప్ప గుర్తొచ్చింది.

మఖ కార్తె, చివర

ఓబులేసును పిలిచి పలక చూపించాను. చదివాడు. మంచివాడు. తల్లి మాట దాటడు.

"అయితే ఏమంటావు మామా?"

"ఉలవల వల్ల ఎవరికీ జ్వరం రాలేదు. వేడి చేసింది అంతే. పొత్తుకు ఆ తేడా తెలియదు."

"వేడి చేసిందంటే జొరం వచ్చిందనే కదా?"

వాడి ముఖం చూశాను. ఎగతాళి కాదు. వాడు గోడ ముందు పెరిగిన పిల్లవాడు. వేడి అంటే జ్వరమని పొత్తు అనుకుంది. పొత్తు తీసేసిన పంటల్ని జ్వరపు పంటలు అనుకుంటూ వీళ్లు పెరిగారు. ఆ తేడా వీళ్లకూ లేదు.

"మీ అమ్మను అడుగు" అన్నాను.

"అమ్మను అడగను. మేదినికి మాత్రం ఆ ఎద్దుల దాణా పెట్టొద్దు. కడుపులో బిడ్డ ఉండాది. చెప్తాండా మామా, మర్యాదగా చెప్తాండా."

పుబ్బ కార్తె, మొదటి వారం

మారెక్క దగ్గర దోసెడు ఉలవలు తెచ్చి వకుళ మడిలో విత్తాను. ఏం వేస్తావని అడిగారు కాబట్టి, ఇదీ నా జవాబు. పట్టపగలే విత్తాను. పక్క మళ్లలో కలుపు తీస్తున్నవాళ్లు చూశారు. ఏం విత్తనమో అడిగారు, చెప్పాను.

మొలకలు రెండాకులు వేసేదాకా ఎవరూ రాలేదు. ఈ ఉదయం వచ్చారు. ముందు కుళ్ళాయమ్మ, వెనక ఓబులేసు, ఇంకా చాలామంది. గోంగూర కూడా పీకేయమని పొత్తు నిన్ననే చెప్పింది. ఆ భయం కూడా వాళ్లతో వచ్చింది. నీళ్లు కలుస్తాయి, జబ్బు పక్క మళ్లకు పాకుతుంది అని ఎవరో అరిచారు.

"అన్నా, పీకేయి" అంది కుళ్ళాయమ్మ.

"నేను పీకను."

"ఓబులేసూ."

వాడు వంగి ఒక్కొక్క మొలకే పీకాడు. తొక్కకుండా, వకుళ తల ఉన్న వైపు అడుగు పడకుండా జాగ్రత్తగా పీకాడు. అది గమనించాను. అయినా క్షమించలేదు.

"భార్యను తిన్నాడు, ఇప్పుడు కూతురి మీద పడినాడు" అన్నది ఒక గొంతు.

ఎవరిదో చూడలేదు. చూసి ఉంటే చెయ్యి చేసుకునేవాణ్ని.

పుబ్బ కార్తె, పంచాయితీ రోజు

వంటశాల ముందు కూర్చోబెట్టారు. నేను చెప్పవలసింది చెప్పాను. సొరకాయ సంగతి, గోంగూర సంగతి, పలక మీద వరుసలు. చదువుకున్న భాషలో చెప్పాను. అదొక పొరపాటు.

"అంటే మేం మాట్లాడేది తప్పంటావు" అన్నాడు బండలు కొట్టే పెద్దాయన. "నా మంట నాది కాదంటావు."

"మంట మీదే. జ్వరం కాదంటున్నాను."

"నా మంట గురించి నీకేం తెలుసప్పా?"

నవ్వులు. మారెక్క బయటినుంచి కేకేసింది: "పాపం, ఆయన మంటకు గుడి కట్టండి!" ఆమెను తరిమారు.

కుళ్ళాయమ్మ చెయ్యి ఎత్తింది. అందరూ ఆగారు.

"అన్నా, ఒక మాట. ఆ పొద్దు శనక్కాయల మీద కూడా ఇట్లే చదువుకున్నోళ్లు కూర్చున్యారు. జొరం కాదు, అజీర్తి అన్యారు. నా బిడ్డ చేతిలో పెట్టి, తినమ్మా ఏం కాదు అన్యాను నేను. నా చేత్తోనే పెట్టినా. ఇప్పుడు నువ్వొచ్చి కోడలికి పెట్టమంటావు."

సలీమా లేచింది.

"కుళ్ళాయక్కా, పెట్టకపోతే కాన్పులో పోతుంది. రాసివ్వమంటే రాసిస్తాను."

"నువ్వు వకుళను బతికించినావా?"

సలీమా కూర్చుంది.

"నేను తింటాను" అన్నాను. "పొద్దునా సాయంత్రమూ డాక్టరు జ్వరం చూస్తారు. వస్తే మీరన్నదే నిజం."

"నీకేం! నువ్వు చావాలనే చూస్తాండావు" అన్నాడొకడు.

"చావాలనుకునేవాడు ఇంత నోరు చేయడు" అంది కుళ్ళాయమ్మ. ఆమె నా పక్షాన అన్న మొదటి మాట అది. తరువాత తీర్పు చెప్పింది. ఎద్దుల పాకలో ఉండి తినాలి. ఉత్తర కార్తె వెళ్లేదాకా వంటశాల గడప తొక్కకూడదు. పొలం గుడిసెకు పోకూడదు. మేదినిని చూడకూడదు. జ్వరం వస్తే ఊళ్లోకి తిరిగి రాకూడదు.

వెళుతుంటే వెనకనుంచి ఎవరో, వానల్లేక ఊరొదిలిపోయేవాళ్ల సామెతను పాడినట్టు అన్నారు: "ఉత్తర చూసి ఎత్తర గంప! ఉత్తర దాకా ఎందుకు, ఇప్పుడే ఎత్తప్పా గంప!"

గంప లేదు. రెండు బట్టలు, ఒక గిన్నె తీసుకుని వచ్చాను.

ఉత్తర కార్తె, మొదట్లో

పందిరి లేని ఎండ. ఎద్దులు నన్ను పట్టించుకోవు, అది హాయిగా ఉంది.

పొద్దున ఉలవ గుగ్గిళ్లు, సాయంత్రం ఉలవచారు. మొదటి రోజు కడుపు ఉబ్బింది. మారెక్క చూసి, "ఎద్దు కన్నా ఎక్కువ తింటాండావు. రేపు కాడి కట్టమంటావా?" అంది.

"నువ్వూ తింటావా?"

"ఎద్దులకు వండి, వాటి నోటికి పెట్టి, చెయ్యి నాక్కుంటాను. దాన్ని తినడం అంటావో లేదో నీ ఇష్టం."

సలీమా వచ్చి జ్వరం చూస్తుంది. లేదు. వెళ్లేటప్పుడు మేదిని గురించి రెండు ముక్కలు చెబుతుంది. నిన్న చెప్పింది: కాళ్లు వాచాయి. ఈ రోజు చెప్పింది: మెట్లు ఎక్కలేకపోతోంది.

ఉత్తర కార్తె, వాన పడని రోజు

ఓబులేసు వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. పాక బయటే నిలబడ్డాడు.

"నీకు తృప్తిగా ఉండాదా మామా?"

"ఏమైంది?"

"పడిపోయింది. వంటశాల కాడ, అందరి ముందర. లేపితే ఏమంటాదో తెలుసా? మా నాయన తినేది నాకూ పెట్టండి అంటాది. నిన్నటినుంచి అన్నం ముట్టలేదు. బీరకాయ పెడితే పళ్లెం తోసేసింది. నువ్వే కదా నూరిపోసింది!"

"నేను ఆమెను చూసి ఎన్నాళ్లైంది?"

వాడు మన్ను కాలితో తన్నాడు.

"కొంచెం తీసుకుపో" అన్నాను. గిన్నె ముందుకు పెట్టాను.

గిన్నె వైపు చూశాడు. "మా అక్క చచ్చిపోయేటప్పుడు నేను పక్కనే ఉన్నా" అన్నాడు. వెళ్లిపోయాడు. గిన్నె ముట్టలేదు.

ఎద్దులకు నీళ్లు పెట్టాను. తొట్టి కడిగాను. ఆ పూట అంతకంటే ఏం చేయాలో తెలియలేదు.

ఉత్తర కార్తె, చివరి రోజు

నోరు పూసింది. నాలుక పక్కన రెండు, కింది పెదవి లోపల ఒకటి. కళ్లు మంట. ఒంటికి పోతే సెగ. మా అవ్వ చెప్పినట్టే, ఒక్కటీ తప్పలేదు.

మధ్యాహ్నం కుళ్ళాయమ్మ వచ్చింది, సలీమాను వెంటపెట్టుకుని. ఎండకు కొంగు తల మీద వేసుకుంది. పందిరి దాటి ఆమె ఇవతలికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. సలీమా జ్వరం చూసింది. జ్వరం కొలిచే గొట్టాన్ని కుళ్ళాయమ్మ చేతికిచ్చింది. ఆమె వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"లేదు" అంది సలీమా.

"నాకు కండ్లుండాయి." గొట్టం తిరిగిచ్చి నా వైపు తిరిగింది. "నోరు తెరువు."

తెరిచాను.

"ఆఁ! పూసింది కదా! వేడి చేసిందని ఒప్పుకో!"

"చేసింది."

"మరి ఏం లేదు, ఏం లేదు అని ఊరంతా కూసినావే! రెండు పూటలూ ఉలవలు మెక్కితే చేయదా? దానికింత గోల! మజ్జిగ తాగు, పోతాది."

అన్నాక ఆగింది. ఎద్దు ఒకటి తోక విసిరింది.

"జొరానికి మజ్జిగ పోస్తారా అక్కా మీ ఇంట్లో?" అంది మారెక్క, దూలానికి ఆనుకుని.

"నువ్వు నోరు మూసుకోవే."

మారెక్క నిజంగానే మూసుకుంది. కుళ్ళాయమ్మ తొట్టి అంచు మీద కూర్చుంది. జ్వరం ఉన్నవాళ్లకు ఆమె ఇంట్లో మజ్జిగ చూపించను కూడా చూపించరు. అది ఆమెకు తెలుసు. ఆమె తల్లికి తెలుసు. తన నోటినుంచి వచ్చిన మాటను తానే తిరిగి వింటున్నట్టు కూర్చుంది.

"గోడకు నేనూ చెప్పినా" అంది. "ములగాకు వేడి చేసిందని. ఒగసారి కాదు."

"అందరం చెప్పాం."

"నువ్వు నన్ను ఓదార్చాల్సిన పని లేదు."

"ఓదార్చడం లేదు. మేదినికి పెట్టనివ్వు."

ఆమె ముఖం మళ్లీ మూసుకుపోయింది. "నీకు జొరం రాలేదు. నువ్వు కడుపుతో లేవు. శనక్కాయలు కూడా మొదట మగోళ్లకు ఏం చేయలేదు."

"అవి బూజు పట్టినవి."

"ఆ పొద్దు కూడా చూసి మంచివే అన్యారు." లేచింది. "రేపు పొద్దున గుగ్గిళ్లు నా ఇంటికి తీసుకురా. మొదట నేను తింటా. నాకు జొరం రాకుంటే, అప్పుడు కోడలి సంగతి చూస్తాం. వచ్చిందా, నీకు ఈ పాక కూడా ఉండదు."

"ఎన్నాళ్లు చూస్తావు?"

"చూసినన్నాళ్లు."

"ఆ పిల్లకు అన్నాళ్లు లేవక్కా" అంది సలీమా. "నొప్పులు ముందే వచ్చేటట్టున్నాయి."

కుళ్ళాయమ్మ వినలేదో, విని నడిచిందో తెలియదు. కొంగు సర్దుకుని పందిరి నీడలోకి వెళ్లిపోయింది. సలీమా నా వైపు ఒకసారి చూసి ఆమె వెనకే వెళ్లింది.

ఉలవలు నానబోశాను. మారెక్క ఎద్దుల భాగంలోంచి ఇంకో దోసెడు తెచ్చి పోసి, ఏం అనకుండా వెళ్లింది.

రేపు పొద్దున వాటిని మెత్తగా ఉడకబెడతాను. ఉప్పు వేసి, రెండు గిన్నెల్లో పెడతాను. కుళ్ళాయమ్మ వాకిట్లో ఆమె గిన్నె ఆమె చేతికిస్తాను. రెండోది తీసుకుని లోపలికి వెళ్లి మేదిని పక్కన కూర్చుంటాను. ఆమె తినేదాకా లేవను. కుళ్ళాయమ్మ తన గిన్నె ముట్టుకుందో లేదో చూడటానికి ఆగను.